పూజ గదిలో క్యాషియర్స్ చెక్: ఒక కుటుంబం, ఒక బ్యాంకు, రెండు క్రెడిట్ యూనియన్లు

ఈ కేసు 2023 మార్చి నాటిది. కుటుంబం అనుమతితోనే రాస్తున్నాను. వారిని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను, డాలర్ల మొత్తాలను దగ్గరి వేలకు సవరించాను. నేను అమెరికాలోని తెలుగు కుటుంబాలకు ఆర్థిక సలహాదారుని. గంటల లెక్కన ఫీజు తీసుకుంటాను తప్ప ఏ బ్యాంకు నుంచీ, ఏ క్రెడిట్ యూనియన్ (సభ్యులే యజమానులుగా నడిచే సహకార ఆర్థిక సంస్థ) నుంచీ నాకు కమీషన్ రాదు. బ్యాంకు మంచిదా, క్రెడిట్ యూనియన్ మంచిదా అని అడిగేవారికి, జవాబు చెప్పే మనిషికి అందులో ఏం దక్కుతుందో ముందుగా తెలియాలి కాబట్టే ఈ మాట మొదట చెబుతున్నాను.

వచ్చిన సమస్య

మార్చి 13, సోమవారం సాయంత్రం భార్యాభర్తలిద్దరూ, వారితోపాటు ఆమె తండ్రి కూడా నా ఆఫీసుకు వచ్చారు. భర్త సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, భార్య ఫార్మసిస్టు, ఇద్దరు పిల్లలు. ఫిబ్రవరిలో పాత ఇల్లు అమ్మేశారు. కొత్త ఇల్లు ఆగస్టులో చేతికి వస్తుంది, ఆ రోజున వారు 2,60,000 డాలర్లు కట్టాలి. అప్పటిదాకా అద్దె ఇంట్లో ఉంటూ, ఇల్లు అమ్మగా వచ్చిన సొమ్మునూ పొదుపునూ తమ రాష్ట్రంలోని ఒకే ప్రాంతీయ బ్యాంకులో ఉంచారు.

అంతకు ముందు ఐదు రోజుల్లో ఏం జరిగిందో గుర్తు చేసుకుంటే వారి ఆందోళన అర్థమవుతుంది. మార్చి 8న సిలికాన్ వ్యాలీ బ్యాంకు, తన బాండ్లను అమ్మి 180 కోట్ల డాలర్లు నష్టపోయానని ప్రకటించింది. మర్నాడు ఒక్కరోజులోనే ఖాతాదారులు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకున్నారు. 10వ తేదీ శుక్రవారం ఆ బ్యాంకు మూతపడింది, 12న న్యూయార్క్‌లో సిగ్నేచర్ బ్యాంకు మూతపడింది. సోమవారం మార్కెట్ తెరవగానే దేశమంతటా ప్రాంతీయ బ్యాంకుల షేర్లు కుప్పకూలాయి, వీరి బ్యాంకు షేరు కూడా వాటితోపాటే పడిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం భర్త ఆఫీసులో సెలవు పెట్టి నేరుగా బ్రాంచికి వెళ్ళి, తన పేరునే 1,60,000 డాలర్లకు క్యాషియర్స్ చెక్ రాయించుకొని వచ్చారు. "రెండున్నర లక్షల దాకానే బీమా ఉంటుందట కదండీ, అంతకు మించింది బయటికి తెచ్చేశాను" అన్నారు. ఆ చెక్కును ఒక కవరులో పెట్టి, పూజ గదిలో వేంకటేశ్వరస్వామి పటం వెనక భద్రపరిచారట. ఆదివారం రాత్రి రెండు క్రెడిట్ యూనియన్ల సభ్యత్వ దరఖాస్తులు ప్రింటు తీసి, వాటినీ వెంట తెచ్చుకున్నారు. మర్నాడే మొత్తం సొమ్మును వాటిలోకి మార్చేయాలన్నది ఆయన ఉద్దేశం.

ఆమె తండ్రి మాత్రం ఒప్పుకోలేదు. క్రెడిట్ యూనియన్ అంటే సహకార సంఘమని అల్లుడు చెప్పినప్పటి నుంచీ ఆయనకు నిద్ర లేదు. 2001లో హైదరాబాద్‌లో ఒక పట్టణ సహకార బ్యాంకు మునిగినప్పుడు ఆయన రిటైర్మెంట్ డబ్బు మూడున్నర లక్షల రూపాయలు అందులో ఉన్నాయి. అప్పట్లో భారతదేశంలో డిపాజిట్ బీమా లక్ష రూపాయలకే పరిమితం, అది ఐదు లక్షలకు పెరిగింది 2020 ఫిబ్రవరిలోనే. "బోర్డు మీద సహకార అన్న మాట కనపడితే నాకు కాళ్ళు ఆడవమ్మా" అని ఆయన నాతో అన్నారు. ఈ మాటను పెద్దవారి చాదస్తమని తీసిపారేయడం నాకు ఎప్పటికీ చేతకాదు. ఎందుకంటే ఆయన భయం అనుభవం నుంచి వచ్చింది, అల్లుడి భయం ఫోన్‌లో చదివిన వార్తల నుంచి వచ్చింది.

మొదటి పని: ఎవరి పేరున ఎంత

బ్యాంకు గురించి గానీ క్రెడిట్ యూనియన్ గురించి గానీ ఒక్క మాట మాట్లాడకముందే ఒక తెల్ల కాగితం తీసుకొని, ఏ సొమ్ము ఎవరి పేరున, ఏ రకం ఖాతాలో ఉందో వరసగా రాయమన్నాను. ఈ పని చేయకుండా మొదలుపెట్టిన ఏ చర్చా కొలిక్కి రాదని నా అనుభవం. భర్త ఒక్కరి పేరున ఉన్న పొదుపు ఖాతాలో, చెక్కు తీయకముందు, 4,10,000 డాలర్లు ఉన్నాయి. ఇద్దరి పేరున ఉన్న జాయింట్ ఖాతాలో 62,000. భార్య పేరున ఒక సీడీలో, అంటే గడువు డిపాజిట్‌లో, 1,20,000. భర్త ఐఆర్‌ఏ పదవీ విరమణ ఖాతా కూడా అదే బ్యాంకులో సీడీ రూపంలో ఉంది, అందులో 95,000. ఇవి కాక, బ్యాంకు బ్రాంచిలోనే కూర్చునే బ్రోకరేజి ఉద్యోగి ద్వారా కొన్న మ్యూచువల్ ఫండ్లు 70,000. మొత్తం 7,57,000 డాలర్లు. ఆ సొమ్మంతా ప్రమాదంలో ఉందనుకొని వారు మూడు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా గడిపారు.

బ్యాంకు డిపాజిట్లకు ఫెడరల్ సంస్థ ఎఫ్‌డీఐసీ ఇచ్చే బీమా పరిమితి 2,50,000 డాలర్లు అనే అంకె అందరి నోటా ఉంటుంది. కానీ ఆ అంకె మనిషికి కాదు, ఖాతాకూ కాదు: ఒక బ్యాంకులో, ఒక యజమానికి, ఒక యాజమాన్య వర్గానికి అంత. ఒంటరి పేరున ఉన్న ఖాతాలన్నీ కలిపి ఒక వర్గం. జాయింట్ ఖాతాలు మరొక వర్గం, అందులో ప్రతి భాగస్వామికీ విడిగా రెండున్నర లక్షలు. ఐఆర్‌ఏ వంటి పదవీ విరమణ ఖాతాలు ఇంకొక వర్గం. మన తర్వాత ఫలానావారికి చెందాలని పేర్లు రాసిన ఖాతాలు ట్రస్టు వర్గంలోకి వస్తాయి, వాటిలో రాసిన పేర్లను బట్టి పరిమితి పెరుగుతుంది. మన దేశంలో నామినీ పేరు రాసినంత మాత్రాన బీమా పెరగదు కాబట్టి ఇక్కడి తెలుగువారిలో చాలామంది ఆ గడిని ఖాళీగా వదిలేస్తుంటారు.

ఈ లెక్కన చూస్తే భార్య సీడీ పూర్తిగా బీమాలో ఉంది. జాయింట్ ఖాతా పూర్తిగా ఉంది. ఐఆర్‌ఏ పూర్తిగా ఉంది. మ్యూచువల్ ఫండ్లకు ఎఫ్‌డీఐసీ బీమా ఎప్పుడూ లేదు, అయితే అవి బ్యాంకు ఆస్తి కూడా కావు కాబట్టి బ్యాంకు మూతపడినా వారివే. బ్రోకరేజి సంస్థే దివాళా తీస్తే, అటువంటి ఖాతాదారుల కోసమే ఉన్న ఎస్ఐపీసీ అనే సంస్థ రక్షణ 5,00,000 డాలర్ల దాకా ఉంటుంది, అది మార్కెట్ నష్టానికి మాత్రం వర్తించదు. ఇక మిగిలింది భర్త ఒంటరి ఖాతా: 4,10,000లో 2,50,000 బీమాలో, 1,60,000 బయట. ఏడున్నర లక్షల భయం లక్షా అరవై వేలకు తగ్గింది. సరిగ్గా ఆ లక్షా అరవై వేలనే తాను చెక్కుగా బయటికి తెచ్చానని భర్త కాస్త ఊరటగా చెప్పారు.

ఆ చెక్కు సంగతి

ఆ ఊరటను నేను ఉంచలేకపోయాను. క్యాషియర్స్ చెక్ అంటే నగదు కాదు, ఆ బ్యాంకే తన మీద తాను రాసి ఇచ్చిన చెక్కు. ఎక్కడో ఒకచోట జమ అయి, సొమ్ము చేతులు మారేదాకా అది ఆ బ్యాంకు బాకీగానే ఉంటుంది. బీమా లెక్కలో ఇటువంటి చెక్కును కూడా డిపాజిట్‌గానే పరిగణిస్తారు, చెక్కు మీద పేరున్న వ్యక్తికి ఆ బ్యాంకులో ఉన్న మిగతా సొమ్ముతో దానిని కలుపుతారు. చెక్కు ఆయన పేరునే ఉంది. అంటే శుక్రవారం ఆ చెక్కు తీయకముందు ఆయన ఎంత ప్రమాదంలో ఉన్నారో, స్వామి పటం వెనక పెట్టిన తర్వాత కూడా సరిగ్గా అంతే ప్రమాదంలో ఉన్నారు.

పైగా మర్నాడు దానిని కొత్త క్రెడిట్ యూనియన్‌లో జమ చేసి ఉంటే మరొక చిక్కు వచ్చేది. కొత్తగా తెరిచిన ఖాతాలో మొదటి 30 రోజుల్లో పెద్ద చెక్కు వేస్తే, మొదటి కొన్ని వేల డాలర్లు వదిలి మిగతా సొమ్మును తొమ్మిది పనిదినాల దాకా ఆపి ఉంచే వెసులుబాటును ఫెడరల్ నిబంధనలే ఇస్తున్నాయి. కంగారులో ఉన్న మనిషికి ఆ తొమ్మిది రోజులు తొమ్మిది నెలల్లా ఉంటాయి.

దీనికి మందు అదే బ్యాంకులో ఉంది. ఆ చెక్కును తీసుకెళ్ళి ఇద్దరి పేరున ఉన్న జాయింట్ ఖాతాలో జమ చేయమన్నాను. 62,000కు 1,60,000 కలిస్తే 2,22,000. ఇద్దరు భాగస్వాముల జాయింట్ ఖాతాకు పరిమితి 5,00,000. ఒంటరి ఖాతాలో 2,50,000 మిగులుతుంది. ఒక్క డాలరు కూడా బ్యాంకు గడప దాటకుండానే మొత్తం సొమ్ము బీమా కిందికి వస్తుంది.

ఇక్కడ నా వైపు నుంచి ఒక పొరపాటు జరిగింది, దానిని భార్య పట్టుకున్నారు. ఒంటరి ఖాతాలో కచ్చితంగా 2,50,000 వదిలేశాను. "వడ్డీ పడితే దాటిపోతుంది కదండీ" అన్నారు ఆమె. నిజమే. బీమా లెక్కలో అసలుతోపాటు బ్యాంకు మూతపడిన రోజు వరకూ పెరిగిన వడ్డీ కూడా కలుస్తుంది. వెంటనే మరో 15,000 జాయింట్ ఖాతాలోకి మార్చేలా సవరించాం. అప్పటి నుంచి నేను ఎవరి పట్టికలోనూ పరిమితిని అంచుదాకా నింపడం లేదు.

భార్యకు గ్రీన్ కార్డు ఉంది, పౌరసత్వం ఇంకా రాలేదు కాబట్టి ఒక పన్ను ప్రశ్న కూడా వచ్చింది. అమెరికా పౌరసత్వం లేని జీవిత భాగస్వామికి బహుమతిగా ఇచ్చే సొమ్ముపై ఏటా ఒక పరిమితి ఉంటుంది, 2023లో అది 1,75,000 డాలర్లు. అయితే జాయింట్ బ్యాంకు ఖాతాలో డబ్బు వేయడమే బహుమతి కాదు, అవతలి వ్యక్తి అందులోంచి తమ సొంతానికి తీసుకున్నప్పుడే బహుమతి అవుతుంది. మన కుటుంబాల్లో ఈ పరిస్థితి సర్వసాధారణం, బ్యాంకు ఉద్యోగులు దీని గురించి చెప్పరు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కదపకూడని రెండు ఖాతాలు

కంగారులో భార్య తన సీడీని మధ్యలోనే తెంచాలనుకున్నారు. నాలుగు శాతం వడ్డీకి వేసిన ఆ సీడీని గడువుకు ముందే తీసుకుంటే ఆరు నెలల వడ్డీ జరిమానా. అంటే దాదాపు 2,400 డాలర్లు, అదీ పూర్తిగా బీమా ఉన్న సొమ్మును కాపాడుకోవడానికి. ఒకవేళ బ్యాంకు మూతపడి దానిని మరొక బ్యాంకు తీసుకుంటే, కొత్త బ్యాంకు ఆ వడ్డీ రేటును తగ్గించవచ్చు. కానీ అప్పుడు జరిమానా లేకుండా డబ్బు తీసుకునే హక్కు డిపాజిటరుకు ఉంటుంది. అందుచేత ఆ సీడీని ముట్టుకోవద్దన్నాను.

ఐఆర్‌ఏ విషయంలో నష్టం ఇంకా పెద్దదయ్యేది. దానిని చెక్కు రూపంలో తీసుకొని, 60 రోజుల్లోపు మరొక ఐఆర్‌ఏలో వేయకపోతే మొత్తం సొమ్ము ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది, వయసు 59½ దాటని వారికి సాధారణంగా పది శాతం అదనపు పన్ను కూడా పడుతుంది. ఇలా చేతికి తీసుకొని తిరిగి వేసే అవకాశం 12 నెలల్లో ఒక్కసారే. మార్చాలనుకుంటే ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు నేరుగా మార్పించుకోవాలి. మార్చవలసిన అవసరమే లేదని లెక్క తేలింది కాబట్టి దీని మీద ఎక్కువసేపు గడపలేదు.

బ్యాంకు నిజంగా ఎలా ఉంది

బీమా కిందికి వచ్చిన సొమ్ముకు బ్యాంకు ఆరోగ్యంతో పెద్దగా పని లేదు. 1934 జనవరిలో ఎఫ్‌డీఐసీ బీమా మొదలైనప్పటి నుంచి బీమా పరిధిలోని సొమ్మును ఏ డిపాజిటరూ పోగొట్టుకోలేదు. అయినా మీ బ్యాంకు బాగానే ఉందని మాటగా చెబితే మనుషులకు నిద్ర పట్టదు, చూపించాలి. ప్రతి బ్యాంకూ మూడు నెలలకోసారి నియంత్రణ సంస్థలకు ఇచ్చే కాల్ రిపోర్టు ఎవరైనా ఆన్‌లైన్‌లో చూడవచ్చు. ఆ సాయంత్రం వారి బ్యాంకు రిపోర్టును అందరం కలిసి చూశాం.

సిలికాన్ వ్యాలీ బ్యాంకు పతనానికి రెండు కారణాలు జంటగా పనిచేశాయి. వడ్డీ రేట్లు సున్నాకు దగ్గరగా ఉన్నప్పుడు కొన్న దీర్ఘకాలిక బాండ్లు, 2022 మార్చి నుంచి ఫెడరల్ రిజర్వ్ రేట్లు పెంచుకుంటూ పోయేసరికి విలువ కోల్పోయాయి. అది మొదటిది. ఆ బ్యాంకు డిపాజిట్లలో తొంభై శాతానికి పైగా బీమా పరిమితి దాటినవి. అది రెండవది. బీమా లేని డిపాజిటరే పరుగెత్తుతాడు, అతని సొమ్ము తిరిగి ఇవ్వడానికి బాండ్లు అమ్మవలసి వచ్చినప్పుడే కాగితం మీది నష్టం నిజమైన నష్టంగా మారుతుంది. మొదటి జబ్బు 2022 చివరికి దేశంలో చాలా బ్యాంకులకు ఉంది. బ్యాంకుల బాండ్లపై ఇంకా లెక్కలోకి రాని నష్టం మొత్తం దాదాపు 62,000 కోట్ల డాలర్లని ఎఫ్‌డీఐసీ అధిపతే ఆ నెలలో చెప్పారు. రెండవ జబ్బు మాత్రం కొన్నింటికే ఉంది. ఈ కుటుంబం బ్యాంకులో బీమా లేని డిపాజిట్లు మొత్తంలో మూడో వంతు, బాండ్లపై నష్టం మూలధనంలో నాలుగో వంతు లోపు. నిశ్చింతగా ఉండదగిన అంకెలని నేను అనను, అర్ధరాత్రి లేచి పరుగెత్తవలసిన అంకెలు మాత్రం కావు.

"ప్రభుత్వం ఎలాగూ అందరికీ ఇచ్చేసింది కదా, ఇక బీమా పరిమితితో పనేముంది?" అని భర్త అడిగారు. మార్చి 12 సాయంత్రం ప్రభుత్వం ఆ రెండు బ్యాంకుల డిపాజిటర్లందరికీ పూర్తి సొమ్ముకు హామీ ఇచ్చిన మాట నిజం. అది వ్యవస్థ మొత్తానికీ ముప్పు ఉందని తేల్చి ఇచ్చిన ప్రత్యేక మినహాయింపు, హక్కు కాదు. 2008 జులైలో ఇండీమ్యాక్ బ్యాంకు మూతపడినప్పుడు పరిమితి దాటిన సొమ్ములో డిపాజిటర్లకు ముందుగా దక్కింది సగమే. అప్పటి పరిమితి లక్ష డాలర్లు, ఆ ఏడాది అక్టోబరులోనే అది రెండున్నర లక్షలైంది. ఇల్లు కొనడానికి దాచిన సొమ్మును మినహాయింపు దొరుకుతుందన్న ఆశ మీద ఉంచకూడదు.

షేర్ అనే మాట

ఇంత జరిగాక కూడా భార్యాభర్తలు క్రెడిట్ యూనియన్ ఆలోచన మానలేదు, మానమని నేనూ అనలేదు. సొమ్ము రెండు సంస్థల్లో ఉంటే, ఒకటి ఒక వారాంతం స్తంభించినా ఇల్లు గడుస్తుంది. వారి కారు అప్పుకు కూడా అక్కడ వడ్డీ తక్కువ వస్తోంది. అయితే వారు తెచ్చిన దరఖాస్తు మొదటి పేజీలోనే షేర్ సేవింగ్స్ అని ఉండటం చూసి పెద్దాయన కాగితాన్ని పక్కకు నెట్టేశారు. "షేర్లంటే పడిపోయేవే కదమ్మా? మా బ్యాంకులోనూ షేర్లు కొనమనే అన్నారు. కొన్నాను. పోయాయి."

ఆయన ప్రశ్న సరైనదే. భారతదేశంలో సహకార బ్యాంకు సభ్యుడు కొనే వాటా వేరు, వేసే డిపాజిట్ వేరు. వాటా అంటే మూలధనం, దానికి డిపాజిట్ బీమా వర్తించదు. అమెరికా క్రెడిట్ యూనియన్‌లో సభ్యుడు వేసే డిపాజిట్‌నే షేర్ అంటారు. ఐదు డాలర్లో ఇరవై ఐదు డాలర్లో వేసి సభ్యుడైతే, ఆ తర్వాత వేసే ప్రతి డాలరూ షేరే. దాని ధర పెరగదు, తగ్గదు. వడ్డీని డివిడెండ్ అంటారు, చెకింగ్ ఖాతాను షేర్ డ్రాఫ్ట్ అంటారు, సీడీని షేర్ సర్టిఫికెట్ అంటారు. ఫెడరల్ బీమా ఉన్న క్రెడిట్ యూనియన్లలో ఈ షేర్లకు, క్రెడిట్ యూనియన్లను నియంత్రించే ఫెడరల్ సంస్థ ఎన్‌సీయూఏ నడిపే షేర్ బీమా నిధి రక్షణ ఇస్తుంది. పరిమితి అదే 2,50,000 డాలర్లు, ఒంటరి, జాయింట్, ఐఆర్‌ఏ వర్గాల పద్ధతి కూడా ఎఫ్‌డీఐసీలాగే, వెనక ఉన్న హామీ కూడా అమెరికా ప్రభుత్వానిదే. 1970లో ఆ నిధి ఏర్పడిన నాటి నుంచి బీమా ఉన్న సొమ్ములో అక్కడ కూడా ఎవరూ ఏమీ నష్టపోలేదు.

ఆయనకు ఇంకొక సంగతి చెప్పాను, దానితో ఆయన ముఖంలో బిగువు కొంత సడలింది. అమెరికాలో క్రెడిట్ యూనియన్ల ఉద్యమానికి డబ్బూ శ్రమా ధారపోసిన బోస్టన్ వ్యాపారి ఎడ్వర్డ్ ఫైలీన్, 1907లో భారతదేశం వచ్చినప్పుడు బెంగాల్ గ్రామాల్లో రైతుల సహకార పరపతి సంఘాలను చూసి, ఆ ఆలోచనను వెంటబెట్టుకొని వెళ్ళారు. 1909లో మసాచుసెట్స్‌లో క్రెడిట్ యూనియన్ల చట్టం వచ్చింది, 1934లో ఫెడరల్ చట్టం వచ్చింది. "మన దగ్గర నుంచి వెళ్ళిందే అన్నమాట" అన్నారాయన. అవును, కానీ అక్కడ దానికి బలమైన బీమానూ తనిఖీనీ జోడించారు. 2001 నాటి హైదరాబాద్‌లో ఆయనకు దక్కనివి ఆ రెండే.

క్రెడిట్ యూనియన్లు మునగవని మాత్రం నేను ఎవరికీ చెప్పను. 2009 మార్చిలో, చిన్న క్రెడిట్ యూనియన్లకు బ్యాంకులా పనిచేసే యూఎస్ సెంట్రల్, వెస్‌కార్ప్ అనే రెండు పెద్ద సంస్థలను, ఇళ్ళ రుణాలపై ఆధారపడిన బాండ్లలో వచ్చిన నష్టాల వల్ల ఎన్‌సీయూఏ తన అధీనంలోకి తీసుకుంది. న్యూయార్క్‌లో ట్యాక్సీ మెడాలియన్లను (ట్యాక్సీ నడపడానికి నగరం ఇచ్చే అనుమతులను) తనఖా పెట్టుకొని అప్పులిచ్చిన మెల్రోజ్ క్రెడిట్ యూనియన్, ఆ మెడాలియన్ల ధర కూలిపోవడంతో 2018లో మూతపడింది. ఒకే వృత్తివారికి ఒకే రకం అప్పులిచ్చే సంస్థకు సభ్యుల ఆప్యాయత ఎంత ఉన్నా ఈ ప్రమాదం తప్పదు.

రెండు దరఖాస్తులు

వారు తెచ్చిన రెండింటిలో ఒకటి ఉద్యోగుల సంఘంగా మొదలై, తర్వాత చుట్టుపక్కల కౌంటీలన్నింటికీ సభ్యత్వం తెరిచిన ఫెడరల్ క్రెడిట్ యూనియన్. రెండవది రాష్ట్ర లైసెన్సుతో నడిచేది, దాని సర్టిఫికెట్‌పై వడ్డీ మొదటిదానికన్నా ముప్పావు శాతం ఎక్కువ. భర్త మనసంతా రెండవదాని మీద ఉంది.

ఆ రెండవ దరఖాస్తును భార్య చేతికి ఇచ్చి, బీమా గురించి ఏం రాశారో చదవమన్నాను. మందు సీసా మీది చిన్న అక్షరాలు చదవడం ఆమెకు రోజూ ఉన్న పనే. నాలుగో పేజీ అడుగున, సంతకం గీతకు సరిగ్గా పైన ఆమె వేలు ఆగింది. ఈ సంస్థకు ఫెడరల్ బీమా లేదనీ, సంస్థ మూతపడితే సొమ్ము తిరిగి ఇస్తామన్న హామీ ఫెడరల్ ప్రభుత్వం ఇవ్వదనీ అక్కడ ఉంది. బీమా ఉన్న మాట నిజమే, అది ప్రైవేటు సంస్థ ఇచ్చే బీమా. కొన్ని రాష్ట్రాల్లో ఇది చట్టబద్ధమే, ఇటువంటి సంస్థలు ఆ మాటను రాతపూర్వకంగా తెలియజేయాలన్నదీ చట్టమే. ఈ సంస్థ ఆ బాధ్యతను నెరవేర్చింది, చదవవలసిన బాధ్యత మనది.

ప్రభుత్వ హామీ లేని బీమా నిధి ఏమవుతుందో రోడ్ ఐలండ్ చూసింది. 1991 జనవరి 1న గవర్నరుగా ప్రమాణం చేసిన రోజే బ్రూస్ సండ్లన్, డిపాజిట్లకు బీమా ఇచ్చే ప్రైవేటు నిధి కుప్పకూలడంతో 45 క్రెడిట్ యూనియన్లను, బ్యాంకులను మూసేయవలసి వచ్చింది. కొందరికి తమ సొంత సొమ్ము చేతికి రావడానికి ఏడాదికి పైగా పట్టింది. ఇప్పుడున్న ప్రైవేటు బీమా సంస్థకు ఆ గతి పడుతుందని నేను అనడం లేదు. ఐదు నెలల్లో ఇల్లు కొనవలసిన సొమ్ము మీద, లక్ష డాలర్లకు ఏడాదికి 750 డాలర్ల అదనపు వడ్డీ కోసం ఆ ప్రశ్నను నెత్తిన పెట్టుకోవలసిన పని లేదని మాత్రం గట్టిగా చెప్పాను.

మొదటిదాని మూడు నెలల రిపోర్టు ఎన్‌సీయూఏ వెబ్‌సైటులో చూశాం. నికర విలువ నిష్పత్తి, అంటే సంస్థ ఆస్తుల్లో దాని సొంత మూలధనం వాటా, తొమ్మిది శాతం పైన ఉంది, ఏడు దాటితే బలమైన మూలధనం ఉన్నట్టు లెక్క. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఈ నిష్పత్తిని ప్రధానంగా సంస్థ మిగుల్చుకున్న లాభాలతో లెక్కిస్తారు, బాండ్ల విలువ తగ్గినందువల్ల వచ్చిన, ఇంకా అమ్మని నష్టం అందులో కనపడదు. కాబట్టి బాండ్ల పట్టిక విడిగా చూడాలి. చూశాం, అక్కడా నష్టం ఉంది, కానీ భరించగలిగినంతే. అప్పులన్నీ కార్లకూ ఇళ్ళకూ విస్తరించి ఉన్నాయి, ఒకే వ్యాపారం మీద ఆధారపడలేదు. సభ్యుల షేర్లలో తొంభై శాతం దాకా అప్పులుగా ఇచ్చేశారు. అది కొంచెం బిగువైన స్థితి, ఆ ఏడాది చాలా క్రెడిట్ యూనియన్లలో అలాగే ఉంది.

వ్యవహారంలో తేడాలు కూడా ఫోన్ చేసి కనుక్కున్నాం. అక్కడ పెద్ద మొత్తాన్ని వైర్ (ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు నేరుగా జరిగే ఎలక్ట్రానిక్ బదిలీ) ద్వారా పంపాలంటే మధ్యాహ్నం రెండు గంటలలోపు స్వయంగా బ్రాంచికి వెళ్ళాలి. ఇండియాకు డబ్బు పంపే సదుపాయం లేదు. ఇల్లు రిజిస్టరయ్యే రోజున 2,60,000 డాలర్లు గంటల్లో చేరవలసిన కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

చేసిన ఏర్పాటు

మంగళవారం పొద్దున భర్త ఆ చెక్కును బ్యాంకులో జాయింట్ ఖాతాకు జమ చేశారు. సాయంత్రానికల్లా ఒంటరి ఖాతాలో 2,35,000, జాయింట్ ఖాతాలో 2,37,000 ఉన్నాయి. సీడీ, ఐఆర్‌ఏ ఎక్కడివక్కడే. ఆ వారం మరేమీ చేయవద్దన్నాను, చేయలేదు.

మూడు వారాల తర్వాత, వార్తల వేడి తగ్గాక, ఫెడరల్ క్రెడిట్ యూనియన్‌లో ఇద్దరి పేరున ఖాతా తెరిచారు. చెక్కుతో కాకుండా వైర్ ద్వారా ఒంటరి ఖాతా నుంచి 1,50,000 అక్కడికి మార్చారు. మొదట వెయ్యి డాలర్లు పంపి, అది చేరిందని చూసుకున్నాకే మిగతాది పంపారు. ఇంటి కోసం కావలసిన సొమ్మును బ్యాంకులోనే ఉంచాం, ఎందుకంటే వైర్ విషయంలో బ్యాంకు సదుపాయమే మెరుగు. క్రెడిట్ యూనియన్ ఖాతా తెరవడానికి కూతురూ అల్లుడూ వెళ్ళిన రోజున పెద్దాయన కూడా వెళ్ళారట. కౌంటరు దగ్గర అంటించిన ఎన్‌సీయూఏ నీలిరంగు బోర్డును నిలబడి రెండుసార్లు చదివి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నారని ఆమె చెప్పారు.

మే 1న ఫస్ట్ రిపబ్లిక్ బ్యాంకు మూతపడి, జేపీ మోర్గాన్ చేజ్ చేతికి వెళ్ళింది. ఆ ఉదయం భర్త నుంచి నాకు ఫోన్ వచ్చింది. ఈసారి ఆయన అడిగింది పట్టికలో ఏదైనా మార్చాలా అని మాత్రమే. మార్చవలసింది ఏమీ లేదు. ఆగస్టులో 2,60,000 డాలర్లు బ్యాంకు నుంచే వైర్‌లో వెళ్ళాయి. సీడీ గడువు తీరాక భార్య ఆ సొమ్మును క్రెడిట్ యూనియన్ సర్టిఫికెట్‌లో వేశారు, అక్కడ ఆమె ఒంటరి పేరున అదే మొదటి ఖాతా. వారి బ్యాంకుకు ఏమీ కాలేదు.

2024 ఏప్రిల్ 1న ట్రస్టు ఖాతాల విషయంలో ఎఫ్‌డీఐసీ నిబంధనలు సులభమయ్యాయి: ఒక్కో యజమానికి, పేరు రాసిన ఒక్కో వారసుడి లెక్కన 2,50,000, ఐదుగురి దాకా, అంటే గరిష్ఠంగా 12,50,000 డాలర్లు. ఆ నెలలో వారిద్దరూ మళ్ళీ వచ్చారు, ఈసారి పట్టికను భార్యే రాసుకొని తెచ్చారు. భర్త ఖాతాలో పిల్లలిద్దరి పేర్లు చేర్చి, పరిమితిని సరిగ్గా ఐదు లక్షలుగా లెక్క వేశారు. ఒక్క వరుసలో మాత్రం తేడా ఉంది. బ్రోకరేజి ఖాతాలో కొత్తగా పెట్టిన 30,000 డాలర్ల మనీ మార్కెట్ ఫండ్‌ను బీమా ఉన్న సొమ్ములో కలిపారు. బ్యాంకులో తెరిచే మనీ మార్కెట్ డిపాజిట్ ఖాతాకు బీమా ఉంటుంది, బ్రోకరేజిలో కొనే మనీ మార్కెట్ ఫండ్‌కు ఎఫ్‌డీఐసీ బీమా ఉండదు. ఆమె ఆ 30,000ను పట్టికలో కింది వరుసకు, మ్యూచువల్ ఫండ్ల పక్కకు మార్చుకున్నారు.